మూడు అడవుల ఒప్పందం

అనగనగా ఒక అడవి కాదు, మూడు అడవులు. మూడింటి గుండా ఒకటే ఏరు పారేది. తాను మూడు రాజ్యాలు దాటుతున్నానని ఆ ఏటికి ఎవరూ చెప్పలేదు, పాపం.

కొండ మీది అడవికి పెద్ద గుబురయ్య అనే ఎలుగుబంటి. తేనె తిన్న రోజున చాలా మంచివాడు. నడిమి అడవికి పెద్ద మీసాలయ్య అనే బావురుపిల్లి. చేపలు పట్టడం, తర్వాత మూతి తుడుచుకుని అమాయకంగా చూడటం, రెండూ అతనికి వచ్చిన విద్యలే. దిగువ అడవికి పెద్ద తుంపర అనే నీటికుక్క. మాట పట్టుకుంటే వదిలేది కాదు. కావాలంటే ఆమె మొగుణ్ణి అడగండి, కాకపోతే ఆమె ఎదుట అడగకండి.

తొలకరి పడగానే కడుపుతో ఉన్న చేపలు ఏటికి ఎదురెక్కి, కొండ మీది మడుగుల్లో గుడ్లు పెట్టేవి. ఎదురీది అలసిన చేపను పట్టడానికి తెలివి అక్కర్లేదు. అందుకే మూడు అడవుల వాళ్ళూ పట్టేవారు. ఏటికేడు చేపలు తగ్గిపోయాయి. ఆ వేసవికి తుంపర పిల్లల పక్కటెముకలు బయటపడ్డాయి. ఇంకో ఏడు ఇలాగే సాగితే ఏట్లో నీళ్ళు తప్ప ఏమీ మిగలవని ఆమెకు అర్థమైంది.

అంతకుముందు ఒప్పందాలు జరగలేదని కాదు. రెండుసార్లు జరిగాయి. రెండుసార్లూ పెద్దలు ఏటి నీళ్ళు ముట్టి, తొలకరి చేప జోలికి పోమని ప్రమాణం చేశారు. మాట కుదిరిన సంతోషంలో విందు చేసుకున్నారు. విందులో వడ్డించింది తొలకరి చేపలే. ఆ తర్వాత తప్పు నీదంటే నీదని ఏడాదంతా తిట్టుకున్నారు.

మూడోసారి తుంపర అడవిదుంపలు పెట్టింది. మీసాలయ్య ఒకదాన్ని వాసన చూసి, గుబురయ్య వైపు నెట్టాడు.

"ప్రమాణాలు చాలు, ఈసారి కాపలా పెడదాం," అంది తుంపర. "మా ఒడ్డున గుబురన్న వాళ్ళు, మీసాలన్నా, మీ రేవులో మావాళ్ళు, కొండ మడుగుల దగ్గర మీవాళ్ళు. చేపను పట్టినవాళ్ళు ఎవరైనా సరే, వానలు వెలిసేదాకా ఏటి ఛాయలకు రాకూడదు."

"ముందు ఎవరు వదలాలో?" అన్నాడు మీసాలయ్య.

"చేపలు ముందు వచ్చేది మా దగ్గరికి. మేమే వదులుతాం."

ఈ మాటకు తుంపర సొంతవాళ్ళే సణిగారు. మనం వదిలితే పైవాళ్ళు మింగుతారని, పుణ్యం మనకు, చేప వాళ్ళకు అని అన్నారు. తొలకరి పడింది. చేపలు వచ్చాయి. నీటికుక్కలు ఒడ్డున కూర్చుని గుటకలు మింగాయి.

తుంపర మరిది బుడుంగుకు మాత్రం గుటకలతో కడుపు నిండలేదు. ఒకదాన్ని లాగాడు. ఎలుగుల తరఫున కాపలా ఉన్న జూలమ్మ చూసింది. పిల్లల కోసం పట్టానన్నాడు బుడుంగు. అప్పటికే దాని తోక కొస కొరికి ఉంది.

జూలమ్మ ఒడ్డునే ఉన్న తుంపర దగ్గరికి జరిగింది. "తుంపరక్కా, నేను చూడలేదనుకో. రేపు మావాళ్ళు ఒకటి పట్టినా, మీరు చూడలేదనుకోండి. ఇరుగుపొరుగన్నాక ఇలాంటివి ఉంటాయి."

తుంపర పిల్లలు ఆ చేపనే చూస్తున్నారు. తుంపర పిల్లల్ని చూసింది. తర్వాత చేపను తీసుకెళ్ళి నీళ్ళలో వదిలింది. అది కాసేపు తేలి, మెల్లగా ఎదురీదింది.

"నువ్వు చూశావు జూలమ్మా. నేనూ చూశాను. పోయి అందరికీ చెప్పు," అంది. "బుడుంగూ, వానలు వెలిసేదాకా ఏటికి రావద్దు."

"సొంత మరిదిని పట్టుకుని, వదినా?"

"సొంతవాడివి కాబట్టే ముందు నీకు."

ఇలాంటి కబురు మోయడంలో జూలమ్మకు సాటిలేరు. చేపలకంటే ముందే ఆ కబురు కొండెక్కింది. నీళ్ళలో పెట్టిన కాలు మీసాలయ్య వెనక్కి తీసుకున్నాడు. కడుక్కోవడానికే పెట్టానన్నాడు, ఎవరూ అడగకుండానే. గుబురయ్య మడుగుల దారికి అడ్డంగా పడుకుని, సొంత కొడుకులనే తరిమికొట్టాడు. ఆ వానాకాలమంతా నీటికుక్కలు పీతలు, కప్పలు తిని మొహాలు మాడ్చుకున్నాయి.

చలికాలానికి పిల్లచేపలు పెరిగి, ఏరంతా నిండాయి. తుంపర పిల్లలు పొట్టలు పైకి పెట్టి ఇసుకలో దొర్లారు.

మరుసటి తొలకరికి ముందు మీసాలయ్య వచ్చాడు. ఒకరి మీద ఒకరికి నమ్మకం కుదిరిందిగా, ఇంకా కాపలా ఎందుకన్నాడు.

"కాపలా ఉండబట్టే కుదిరింది," అని తుంపర తనవాళ్ళను అతని రేవుకు పంపించింది.

నీతి: అందరి సొత్తును కాపాడాలంటే అందరూ కలిసి మాట అనుకుంటే చాలదు, ఆ మాట ముందు మన ఇంట్లో చెల్లాలి.