తుపాకీలో గాలి, తలలో లీకు

జీలుగుపేటలో తెలివి ఎక్కడ దొరుకుతుందని ఎవరైనా అడిగితే పైడినాయుడు తన ఇంటివైపు చెయ్యి చూపిస్తాడు. ఎందుకు చూపించడూ! ఆ ఇంట్లో ఇప్పటిదాకా ఒక్క తాళంచెవి పోలేదు. తాళం వేశాక చెవిని ఆ తాళానికే వదిలేస్తారు కాబట్టి పోయే అవకాశమే లేదు. ఈ ఉపాయం తమ్ముడు గంగునాయుడిది. దాన్ని మెచ్చుకుని అమలు చేసింది పైడినాయుడు. ఊరందరికీ చాటింది ఆయన భార్య దేముడమ్మ. ముగ్గురూ ముగ్గురే.

వాళ్ళ కడుపున ఎలా పుట్టిందో గానీ, పైడినాయుడి కూతురు నీలవేణికి మాత్రం మామూలు బుర్రే ఉంది. పట్నంలో కాలేజీలో చదువుతూ తుపాకీ కాల్చడం నేర్చుకుంది. నిజం తుపాకీ కాదు, గాలి తుపాకీ. కింద ఒక ఇనుప గొట్టం ఉంటుంది. పంపుతో అందులో గాలి దట్టించి పెడితే, మీట నొక్కినప్పుడు ఆ గాలే చిన్న గుండుని ముందుకు తోస్తుంది. గాలి ఎంత ఉందో చూపించడానికి పక్కన వాచీలాంటి బిళ్ళ, అందులో ఒక ముల్లు.

తెల్లారితే పోటీ. ఆ పోటీలో గెలిస్తేనే నీలవేణిని పెద్ద పోటీలకి పంపిస్తారు. ముందురోజు పొద్దున తుపాకీ తీసి చూసి గుండె పట్టుకుంది.

"నాన్నా! ముల్లు పడిపోతోంది!"

పైడినాయుడు రెండు కాళ్ళూ ఎత్తి మంచమెక్కేశాడు. "ఒరే గంగులూ, చెప్పులేసుకోరా! ఇంట్లో ముల్లు పడిందంట!"

అంతే. దేముడమ్మ చీపురు పట్టింది. గంగునాయుడు చెప్పులు దొరక్క ఒక కాలికి గిన్నె, ఒక కాలికి చెంబు తొడుక్కున్నాడు. ఇల్లంతా ఊడ్చినా ముల్లు దొరకలేదు.

"అయ్యో, ఆ ముల్లు కాదమ్మా," అంది నీలవేణి. "గొట్టంలోంచి గాలి పోతోంది. ఏదో అతుకు దగ్గర రబ్బరు అరిగిపోయి ఉంటుంది. నేను పట్నం వెళ్ళి మా మాస్టారి దగ్గర కొత్త రబ్బరు తెస్తాను. ఏ అతుకుకి ఏ సైజో తెలియాలి. మీరు ఒక్క పని చెయ్యండి. అతుకుల దగ్గర సబ్బు నీళ్ళు రాయండి. ఎక్కడ బుడగలొస్తే అక్కడ లీకు. నాకు ఫోన్ చేసి చెప్పండి. ఇంకేమీ ముట్టుకోవద్దు, ఏదీ విప్పొద్దు."

"ఇంత చిన్న పనికి అంత చెప్పాలా? మేమేమైనా తెలివితక్కువ వాళ్ళమా?" అన్నాడు పైడినాయుడు.

నీలవేణి గబగబా బస్సెక్కింది.

"అన్నయ్యా, పోయే గాలి ఎక్కడికి పోద్ది?" అన్నాడు గంగునాయుడు. "గుమ్మం దాటే కదా పోవాలి? తలుపులు మూసేద్దాం."

"శభాష్!" అన్నాడు పైడినాయుడు. ఇంకేముంది! తలుపులు మూశారు, కిటికీలు మూశారు, సందుల్లో పాతచీరలు కుక్కారు. వంటింటి పొగగూడులో దిండు పెట్టారు. అసలే ఎండాకాలం. ముగ్గురికీ చెమటలు ధారలు కట్టాయి.

"ఉక్కపోస్తే పోసింది గానీ, పిల్ల గాలి మొత్తం ఇంట్లోనే ఉంది," అంది దేముడమ్మ తృప్తిగా.

తర్వాత బకెట్‌లో నీళ్ళు పోసి సబ్బు కలిపారు. గంగునాయుడు చెయ్యి పెట్టి గిలక్కొట్టగానే బకెట్ నిండా బుడగలు.

"లీకు!" అని కేక పెట్టాడు పైడినాయుడు. "ఒరే, బకెట్ లీకురా!"

"బకెటే కాదు అన్నయ్యా, నా చేతులు చూడు!" గంగునాయుడి మోచేతుల దాకా నురగ. పాపం భయపడిపోయి, ఆ చేతులతోనే నెత్తిమీద చెమట తుడుచుకున్నాడు. అంతే, బట్టతల నిండా బుడగలే బుడగలు.

దేముడమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అమ్మో, మరిదికి తలలో లీకు! అందుకేనేమో ఏం చెప్పినా నిలవదు."

పైడినాయుడికి ఏడుపొచ్చింది. తోడబుట్టినవాడాయె. పెరట్లో ఉన్న పాత సైకిల్ ట్యూబు తెచ్చి తమ్ముడి తలకి బిగించి కట్టాడు. గంగునాయుడి కనుబొమలు నుదుటి మధ్యకి ఎక్కిపోయాయి.

"ఎలా ఉందిరా?"

"ఇప్పుడు బాగుంది. లోపల ఏదో నిండుతున్నట్టుంది."

పైడినాయుడు కూతురికి ఫోన్ చేశాడు. "అమ్మా, లీకు దొరికింది. మీ చిన్నాన్న తలలో ఉంది."

"చిన్నాన్న సంగతి నాకెప్పుడో తెలుసు నాన్నా, తుపాకీ సంగతి చెప్పు!" అంది నీలవేణి. ఇటు వేళ మించిపోతోంది, అటు మాస్టారు బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నారు. "పోనీ, సబ్బు వదిలేయండి. చెవి దగ్గరగా పెట్టి వినండి. బుస్సుమని ఎక్కడ వినిపిస్తే అక్కడే."

పైడినాయుడు తుపాకీ పొడవునా చెవి జరుపుకుంటూ పోయాడు. ఒకచోట నిజంగానే వినిపించింది. బుస్స్...

తుపాకీని మంచం మీద పడేసి గోడకి అంటుకుపోయాడు. "పాము! తుపాకీలో పామే! బుస కొడుతోంది!"

"కొట్టేద్దామా?" అన్నాడు గంగునాయుడు కర్ర తీస్తూ.

"ఛీ, ఛీ! మంగళవారం పూట పాముని కొడతారా?" అంది దేముడమ్మ. గబగబా వెళ్ళి గిన్నెలో పాలు తెచ్చి బల్ల మీద పెట్టింది. కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంది. తర్వాత తుపాకీని రెండు వేళ్ళతో పట్టి, బుస వినిపించిన చివరని పాలల్లో ముంచింది. "తాగు తండ్రీ, తాగి వెళ్ళిపో. పొద్దున పిల్లకి పోటీ ఉంది."

పాలల్లో బుడుబుడుమని బుడగలు లేచాయి.

"తాగుతున్నాడు! తాగుతున్నాడు!" ముగ్గురూ ఒకేసారి చెంపలేసుకున్నారు.

పైడినాయుడు వణుకుతూ మళ్ళీ ఫోన్ చేశాడు. "అమ్మా, నువ్వు భయపడకు. గొట్టంలో పామున్నాడు. పాలిచ్చాం. బుడబుడా తాగుతున్నాడు."

"బుడగలా?" నీలవేణి ఎగిరి గంతేసినంత పనిచేసింది. "ఎక్కడ నాన్నా? ఏ చివర?"

"నువ్వు పంపు తగిలించి గాలి కొడతావే, ఆ మూతి దగ్గర."

"నాన్నా, నువ్వు బంగారం! అక్కడ ఓ రింగు పోయింది, అంతే. నేను తెచ్చి మారుస్తాను. నేనొచ్చేలోపు ఆ తుపాకీకి గాలి తీసేసి ఉంచగలరా? వద్దులే, దాన్ని ముట్టుకోవద్దు!" ఇంతలో ఫోన్లో గరగర. పైడినాయుడికి సగమే వినిపించింది.

"ఏమంటోంది?" అంది దేముడమ్మ.

"ఓ రింగు పోయిందంట. తెచ్చి మారుస్తుందంట."

దేముడమ్మ చప్పున చెవులు తడుముకుంది. రెండు రింగులూ ఉన్నాయి. అయినా మొహం ముడుచుకుంది. "మారిస్తే రెండూ మార్చాలి గానీ ఓ రింగు మారుస్తుందా? ఒక చెవికి కొత్తది, ఒక చెవికి పాతదా? నలుగురూ నవ్వరా?"

"అది తర్వాత చూద్దాం. ముందు తుపాకీకి గాలి తియ్యాలంట."

"గాలి తియ్యడమా? అది నాకొదిలెయ్యి," అన్నాడు గంగునాయుడు. తుపాకీ ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. "ఏమే, నీదీ ఒక బతుకేనా? కందిరీగంత గుండు తోయడానికి ఇంత ఒళ్ళా? మా ఇంటి పీట నయం, కూచోడానికైనా పనికొస్తుంది!"

"పొడుగు చూసి మురిసిపోకు!" అన్నాడు పైడినాయుడు. "చీపురు కూడా పొడుగే!"

ఇలా వంతులేసుకుని సాయంత్రం దాకా తిట్టారు. గొంతులు బొంగురుపోయాయి. కారుతున్న గొట్టం కారుతూనే ఉంది కదా, చివరికి ముల్లు సున్నా దగ్గర వాలిపోయింది.

"చూశావా," అన్నాడు గంగునాయుడు, "సిగ్గుతో తల దించేసింది."

నీలవేణి వచ్చి తలుపులు తీయించింది. చిన్నాన్న తలకున్న ట్యూబు విప్పింది. తుపాకీ మూతికి అంటిన పాలు తుడిచి, అరిగిన రబ్బరు చుట్టు తీసి కొత్తది వేసింది. పంపు కొట్టి ముల్లు కేసి చూస్తూ కూచుంది. అన్నం తినొచ్చి మళ్ళీ చూసింది. ముల్లు కదల్లేదు. ఆ పిల్ల నవ్వింది. వాళ్ళమ్మ మాత్రం రెండో రింగు ఎప్పుడని అడుగుతూనే ఉంది.

మర్నాడు నలుగురూ పోటీకి వెళ్ళారు. నీలవేణి వంతు వచ్చింది. ఊపిరి బిగబట్టి కాల్చింది. కాగితం నడిమి నల్లచుక్కలో గుండ్లన్నీ ఒకదాని పక్కన ఒకటి దిగాయి. చూడ్డానికి వచ్చినవాళ్ళు "అబ్బో!" అన్నారు. జడ్జీగారు అందరి కాగితాలూ బల్లమీద పరిచి, కళ్ళజోడు తెచ్చుకోవడానికి లోపలికి వెళ్ళారు.

పైడినాయుడు బల్ల దగ్గరికి వెళ్ళి చూసి నిర్ఘాంతపోయాడు. "ఒరే గంగులూ, పిల్ల కాగితం చిల్లులు పొడిచేసిందిరా! నిన్నంతా ఒక్క చిల్లుకే చచ్చాం!"

"మూసేద్దాం," అన్నాడు గంగునాయుడు. "వదినా, నీ సంచీలో నల్ల బొట్టుబిళ్ళలు ఉన్నాయా?"

ఉన్నాయి. ఇంకేముంది, చిల్లుకొక బొట్టుబిళ్ళ! మన పిల్లది బాగుచేసి మిగతా పిల్లలవి వదిలేస్తే ఏం బాగుంటుందని దేముడమ్మ అందరివీ అంటించేసింది.

జడ్జీగారు కళ్ళజోడు పెట్టుకుని వచ్చారు. కళ్ళజోడు తీసి తుడిచారు. మళ్ళీ పెట్టుకున్నారు. "ఇదేంటి? ఒక్కరిదీ ఒక్క గుండూ తగల్లేదా?"

"తగిలాయండి," అన్నాడు పైడినాయుడు ముందుకొచ్చి. "మేమే మూశాం. ఒక్క చిల్లు కనిపిస్తే అడగండి!"

నీలవేణి మొహం చేతుల్లో దాచుకుంది. బిళ్ళలు పీకితే కాగితాలూ చిరిగాయి. చేసేదిలేక జడ్జీగారు అందరిచేతా మళ్ళీ కాల్పించాల్సి వచ్చింది. ఈ ముగ్గురినీ తలుపు దాకా తీసుకెళ్ళి, కోపం అణుచుకుంటూ, "మీకు దండం పెడతాను. లోపలికి రాకండి. బయట కూచుని హాయిగా గాలి పీల్చుకోండి," అన్నారు.

రెండోసారి నీలవేణి చెయ్యి ఇంకా కుదురుగా నిలిచింది. అన్నిటికన్నా మంచి గురి ఆ పిల్లదే. పేరు పిలిచారు, మెడలో పతకం వేశారు, పెద్ద పోటీలకి పంపుతున్నామన్నారు. వాళ్ళమ్మా నాన్నలకి చెబుదామని నీలవేణి పరుగున బయటికొచ్చింది. వెనకాలే జడ్జీగారూ వచ్చారు.

వచ్చి అక్కడే ఆగిపోయారు. బయట నిలబెట్టిన సైకిళ్ళు, మోటారుసైకిళ్ళు అన్నీ నేలకి కూలబడి ఉన్నాయి. జడ్జీగారి జీపు ఒక పక్కకి ఒరిగిపోయింది. దాని చక్రం పక్కన పైడినాయుడు బోర్లా పడుకుని, ట్యూబు మూతి నోట్లో పెట్టుకుని, బుగ్గలు పూరీల్లా పొంగించుకుని ఉన్నాడు. గంగునాయుడు గోడకి చేరబడి రొప్పుతున్నాడు. దేముడమ్మ త్రేనుస్తోంది.

జడ్జీగారిని చూసి పైడినాయుడు గబుక్కున లేచి మూతి తుడుచుకున్నాడు.

"మీరు చెప్పినట్టే పీల్చాం బాబూ. జీపు దాకా వచ్చేశాం. ఆ మూల బస్సుంది చూశారా, దాని గాలి మాత్రం అన్నం తిన్నాక పీలుస్తామండి."