బుల్లెమ్మ గిన్నె ఎవరిది?

అనగా అనగా, గోదారి పాయ ఒడ్డున ఒక ఊరుండేదిట. వెదుళ్ళపాలెం అని పేరు. ఊఁ కొడుతూ వినాలి సుమా, మధ్యలో మానేస్తే నేనూ మానేస్తాను.

ఆ ఊళ్ళో ఏటేటా వేసవిలో మూడ్రోజులు గిన్నెల పండగ చేసేవారు. మధ్యాహ్నం భోజనాలు, పొద్దుగూకాక తోలుబొమ్మలాట. ఆ ఏడు ఊళ్ళో ఎవరికి కష్టమొస్తే వాళ్ళకోసం చేసే పండగ అది. ఇంటికో గిన్నెడు వంట వండి తెచ్చేవారు. తిన్నవాళ్ళు వెళ్తూ వెళ్తూ చేటలో బియ్యమో, పప్పో, ఓ చీరో పెట్టేవారు. అదంతా ఆ కష్టంలో ఉన్నవాళ్ళకి.

ఆ పండక్కి రెండు కట్టుబాట్లున్నాయి. ఎవరికోసం పండగో వాళ్ళు గిన్నె తేకూడదు. మొదటి పంక్తిలో కూర్చుని కడుపునిండా తినాలి, అంతే. పాపం, వాళ్ళకి శ్రమెందుకని పెద్దలు పెట్టారు. ఇక రెండోది, ఏ గిన్నె ముందుగా ఖాళీ అయితే, ఆ వంట చేసినావిడే సాయంత్రం తెర వెనక దీపం వెలిగించాలి. దీపం లేకపోతే తోలుబొమ్మ కనపడదు కదా! అందుకని ఆవిడ వస్తే గానీ ఆట మొదలయ్యేది కాదు.

ఆ ఊళ్ళో కాశీరత్నం అని ఒకావిడ ఉండేది. భోజనాలయ్యాక గిన్నెల అడుగున కొట్టించిన పేర్లు చదివి, ఎవరివి వాళ్ళకి చేర్చడం ఆవిడ పని. మంచిదే గానీ, ఊళ్ళో ఎవరింట్లో ఏం జరిగినా ఆవిడకి తెలియాలి. తెలిశాక నోట్లో నువ్వుగింజ నానదు. దాచుకుంటే ఒంటికి పడేది కాదు కాబోలు!

ఆ ఏడు పండగ అచ్చియ్యమ్మ కోసం. నెల కిందట ఆమె పూరిల్లు కాలిపోయింది. చెంబూ తపేలాతో సహా బుగ్గయిపోయింది. ఒంటరి మనిషి. మంత్రసాని మంగమ్మ తన వసారాలో చోటిచ్చింది.

మొదటిరోజు భోజనాలయ్యాయి. నలభై ఇత్తడి గిన్నెల్లో ముందుగా ఖాళీ అయిందేమిటో తెలుసా? చింతచిగురు పులిహోర. మూడో పంక్తికి మెతుకు మిగల్లేదు. వేళ్ళు నాక్కుంటూ లేచారందరూ. కాశీరత్నం గిన్నె బోర్లించి చూసింది. 'బుల్లెమ్మ' అని ఉంది.

"బుల్లెమ్మెవరే?" అని పిలిచింది. ఎవరూ పలకలేదు. ఊళ్ళో ఆ పేరు గలవాళ్ళే లేరు!

అప్పుడు ఊరిపెద్ద సూరప్ప తాత, "రత్నం, పొద్దుగూకేలోగా ఆవిణ్ణి వెతికి తీసుకురావే. ఆట ఆగిపోతే పొరుగూరి వాళ్ళ ముందు తలవంపులు" అన్నాడు. కాశీరత్నానికి అంతకంటే కావలసిందేముంది? గిన్నె చంకనెట్టుకుని బయల్దేరింది.

ముందు, మోకాళ్ళ నొప్పులతో ఇంట్లోనే ఉండిపోయిన సత్తెమ్మవ్వ దగ్గరికి వెళ్ళింది. "బుల్లెమ్మ మా అత్తగారి తల్లే! ఎప్పుడో పోయింది. ఆ గిన్నెతో పోయినేడు మా ఆడపడుచుకి ఆవకాయ పెట్టిచ్చాను" అంది అవ్వ.

ఆ తర్వాత ఆడపడుచు వెంకాయమ్మ దగ్గరికి వెళ్ళింది. "మా కోడలికి పురుడు పోసిందని, దాన్నిండా పాయసం పోసి మంగమ్మకిచ్చాను వదినా" అంది ఆవిడ.

ఆ తర్వాత మంగమ్మ దగ్గరికి వెళ్ళింది. మంగమ్మ గిన్నె అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇదా? నెల కిందట దీన్నిండా బియ్యం పోసి అచ్చియ్యమ్మకిచ్చాను" అంది.

కాశీరత్నం ఉలిక్కిపడింది. ఎవరికోసం పండగో ఆవిడే గిన్నె తెచ్చిందా! వసారా చివర అచ్చియ్యమ్మ గోడకి ఆనుకుని కూర్చునుంది. గిన్నె చూడగానే ఆమె మొహం పాలిపోయింది.

"వదినా, నీకు దణ్ణం పెడతాను, ఎవరికీ చెప్పకు. కట్టుబాటు తప్పాను. దగ్గర బియ్యం పెట్టుకుని కూడా చెయ్యి చాపిందంటారు. చేటలో పెట్టినవాళ్ళంతా మొహం తిప్పుకుంటారు. ఇల్లు లేదు, ఆ కాస్త మర్యాదా పోతే ఈ ఊళ్ళో ఎలా బతకను?" అంది.

"మరెందుకు తెచ్చావే?" అని అడిగింది కాశీరత్నం.

అచ్చియ్యమ్మ తల దించుకుని, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. "సరే, చెప్పన్లే" అని వచ్చేసింది కాశీరత్నం. అంత మాట ఎలా అనేసిందో ఆవిడకే తెలియదు.

పొద్దుగూకింది. తెర కట్టారు. మద్దెల వాయించేవాళ్ళు వాయించి వాయించి ఆపేశారు. పిల్లలు "ఆటో, ఆటో" అని గోల. పొరుగూరి వాళ్ళు చాపలు చుట్టడం మొదలుపెట్టారు.

"దొరికిందా రత్నం?" అన్నాడు సూరప్ప తాత.

"దొరికింది. చెప్పను" అంది కాశీరత్నం.

అందరూ ఘొల్లుమన్నారు. "నువ్వా? చెప్పవా?" అని ఒకరు. "దొరకలేదని ఒప్పుకోవచ్చుగా, అబద్ధాలెందుకు?" అని ఇంకొకరు. "నువ్వే దాచి మా ఆట చెడగొడుతున్నావు" అని మరొకరు. కాశీరత్నానికి కళ్ళనీళ్ళు తిరిగాయి. పెదాలు బిగబట్టి నిలబడింది గానీ, ఊహూఁ, పేరు చెప్పలేదు.

అప్పుడు జనంలోంచి అచ్చియ్యమ్మ లేచింది. "వదిన్ని ఏమీ అనకండి. ఆ పులిహోర నేనే చేశాను" అంది.

వెనకనుంచి ఎవరో, "బియ్యమెక్కడివో?" అని గొణిగారు.

"మీరిచ్చినవే. రోజూ గుప్పెడు దాచాను. నూనె మంగమ్మది. చిగురు చెట్టుది. నాదంటూ చేతి చాకిరీ ఒక్కటే" అంది అచ్చియ్యమ్మ. "నెల్లాళ్ళుగా మీరు పెడుతుంటే తింటున్నాను. కూర్చో అంటే కూర్చుంటున్నాను, తిను అంటే తింటున్నాను. ఒక్క పూట నేను పెడితే మీరు తింటుంటే చూద్దామనిపించింది. తప్పయితే క్షమించండి."

చాపలు చుట్టేవాళ్ళ చేతులు ఆగిపోయాయి. అందరూ సూరప్ప తాత వంక చూశారు. కట్టుబాటు ఆయన చేతిలోనే ఉంది మరి.

తాత కర్ర పోటేసుకుంటూ లేచి ఆమె దగ్గరికి వచ్చాడు. కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. దీపం కుందె తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"వెలిగించు తల్లీ" అన్నాడు. "పండగింకా రెండ్రోజులుంది. మరి రేపు మాకేం వండి పెడతావు?"

అచ్చియ్యమ్మ ఏడుస్తూనే నవ్వింది. వత్తి అంటించింది. తెర మీదికి బొమ్మలొచ్చాయి.

కథ చూస్తే కంచి దారి పట్టింది,
కన్ను చూస్తే నిద్ర దారి పట్టింది,
మనమేమో మనింట్లోనే ఉన్నాం,
దుప్పటి కప్పుకు పడుకున్నాం!