ఏలినవారి నైస్ భోజనం

ఒకానొక సంస్థానంలో, దొరల రాకపోకలు మొదలైన రోజుల్లో, రాజావారికి ఒక ఇంగ్లీషు మాట పట్టుబడింది. "నైస్." చిన్నరాణిగారి చీర నైస్. పట్టపుటేనుగు నైస్. తండ్రిగారి తద్దినంనాటి గారెలు కూడా నైసే.

"మెత్తగా ఉన్నా, కమ్మగా ఉన్నా, చక్కగా ఉన్నా ఇదొక్కటే చాలునట. దొర చెప్పాడు. మనకేమో ముప్పై మాటలు! ఎంత దండుగ!" అన్నారు ఒకనాడు నిండు కొలువులో.

ఆస్థాన పండితులు నరసావధాన్లుగారు ఇరవై ఏళ్ళుగా తెలుగు మాటలు ఏరి, తాటాకుల మీద నిఘంటువు రాస్తున్నారు పాపం. "ఆ కట్ట వంటింటి పొయ్యిలోకి పంపండి. రేపటి వంటకు పనికొస్తుంది" అని ఆజ్ఞ అయింది.

అవధాన్లుగారు కట్టను గుండెకు హత్తుకుని తామే వంటశాలకు తెచ్చారు. వంటమనిషి పేరమ్మ ఆయన కళ్ళు చూసింది.

"బాబాయిగారూ, దాన్ని ఆ ఉట్టి మీద పెట్టండి. పొయ్యికి పుల్లలు బోలెడున్నాయి."

"రాజాజ్ఞ కదమ్మా!"

"రేపటి భోజనం కానివ్వండి. పైన స్వామి ఉన్నాడు."

మర్నాడు రాజావారు పీట మీద కూర్చున్నారు. విస్తట్లో ఒకటే కుప్ప. ఒక ముద్ద నోట్లో పెట్టుకోగానే మీసాలు వణికాయి.

"ఇదేమిటే పేరమ్మా!"

"అన్నీ ఉన్నాయి మహాప్రభో. గోంగూర, పరమాన్నం, ఆవపెట్టిన పనసపొట్టు, దప్పళం, బొబ్బట్లు. అన్ని రుచులకూ ఒక్క మాట చాలినప్పుడు ఇన్ని గిన్నెలు దండుగ కదా అని కలిపేశాను. ఎలా ఉంది?"

"నై..." అన్నారు రాజావారు. మిగతాది ముద్దతోపాటు మింగేశారు.

"దేవుడికీ ఇదే పెట్టావా?" అని గద్దించారు.

"అపచారం! స్వామికి విడివిడిగానే నివేదన చేశాను. ఆయనకింకా ఇంగ్లీషు రాదు కదండీ."

రాజావారు వంటశాల గుమ్మం దగ్గర నిలబడ్డ పండితుణ్ణి చూశారు. "ఈ రుచినేమంటారయ్యా అవధానీ?"

ఆయన భయపడుతూనే ఉట్టి వైపు చూశారు. "ఆజ్ఞ అయితే కట్ట విప్పి..."

"కాలిపోలేదా! విప్పు, విప్పు!"

అవధాన్లుగారు కట్ట దింపి, ఆకులు తిరగేశారు. "వెగటు ప్రభూ. ఎబ్బెట్టు అనీ ఉంది."

"అదీ మాట!" అని రాజావారు పొట్ట పట్టుకుని నవ్వారు. అవధాన్లుగారికి నిఘంటువు పూర్తయ్యేదాకా ఏటా ధాన్యం, పేరమ్మకు పట్టుచీర ఇప్పించారు. ఇరవై ఏళ్ళ శ్రమ దక్కిందని అవధాన్లుగారు చేతులు జోడించారు.

పేరమ్మ స్వామికి నివేదించిన వంట తెచ్చి, ఈసారి విడివిడిగా వడ్డించింది. రాజావారు ఒక్కొక్కటీ తింటూ, పుల్లన, ఘాటు, కమ్మన అని పేరుపేరునా మెచ్చుకున్నారు. గడ్డపెరుగు దగ్గర మాత్రం అలవాటు పోక, "నైస్" అనేసి నాలిక కరుచుకున్నారు.

"బాబాయిగారూ," అంది పేరమ్మ, "పాపం, దాన్నీ ఒక మూల రాసుకోండి."