విషపు నీళ్ళ దొంగ

అద్దకాల ఊరు నీలవరంలో రంగులు మరిగించాక మిగిలిన విషపు నీళ్ళను ఒక పెద్ద తొట్టిలో నిలవ చేసేవారు. ఏటా దాన్ని ఖాళీ చేయించి, రాజశిల్పి విరూపాక్షుడు లోపలికి దిగి చూసి, కారదని ముద్ర వేస్తేనే మళ్ళీ వాడాలి. ఆయనకు కంపు పడదు. ఆ ఏడు పల్లకీలోంచే ముద్ర వేసేశాడు.

"అడుగున బీట ఉంది, దిగి చూడండి బాబూ" అని అద్దకాల నూకాలు బతిమాలింది.

"నా ముద్ర పడ్డాక ఇంక బీటేమిటి?" అని కసిరి వెళ్ళిపోయాడు.

నెల తిరక్కుండా నూకాలు కొలువుకెళ్ళి, దొంగతనం జరిగిందని మొరపెట్టుకుంది.

"ఏం పోయింది?" అన్నాడు రాజు.

"తొట్టెడు విషపు నీళ్ళండి."

కొలువంతా నవ్వింది. "కారిపోయి ఉంటాయిలే" అన్నాడు రాజు.

"శిల్పిగారు ముద్ర వేసిన తొట్టి ఎలా కారుతుందండీ? ఎవరో తోడుకుపోయారు. సొత్తు కూడా దొరికింది. పల్లంలో ఉన్న శిల్పిగారి పెరటి బావిలో నీళ్ళన్నీ నీలంగా ఉన్నాయి."

దొంగతనానికి అక్కడ శిక్ష కొరడా దెబ్బలు. రాజు తనవైపు తిరిగేసరికి, కొలువులోనే ఉన్న విరూపాక్షుడు గబగబా ముందుకొచ్చాడు.

"నేను దొంగను కాను ప్రభూ. ఆ తొట్టి అడుగున బీట ఉంది."

"ఎప్పుడు దిగి చూశారు బాబూ?" అని వినయంగా అడిగింది నూకాలు.