రెండో నీళ్ళ గురుబారి

ఇది ఎప్పటి మాటో అడక్కండి, నాకూ తెలీదు. కొండల మీద వెదురు ఇప్పటికన్నా చిక్కగా, మనుషులు ఇప్పటికన్నా పలచగా ఉన్న కాలం. ఆ కాలంలో ఒక గెడ్డ, అంటే కొండవాగు, ఉండేది. గెడ్డకి ఈ గట్టున రాళ్ళగుడ, ఆ గట్టున పనసగుడ అని రెండు గూడేలు. రాళ్ళగుడలో గురుబారి అనే మనిషి ఉండేది.

గురుబారికి మొగుడు లేడు. పొలం లేదు. పొలం లేదు కాబట్టి చోళ్ళు, అదే రాగులు, లేవు. చోళ్ళు లేవు కాబట్టి కుండలో కల్లు లేదు. ఆ కొండల్లో వాళ్ళు తాగేది చెట్టుకల్లు కాదు, చోళ్ళకల్లు.

అది ఎలా పెడతారో చెబుతాను. ముందు చోళ్ళు నానబెట్టాలి. అడ్డాకుల్లో మూటకట్టి మీద రాయి పెట్టాలి. తెల్లగా మొలకలొచ్చాక ఎండబెట్టి తిరగలిలో విసరాలి. ఆ పిండిని ముద్దగా ఉడికించి, పులియబెట్టే వేరుమందు పొడి కలపాలి. వేడిమీద కలిపితే మందు చచ్చిపోతుంది. పూర్తిగా చల్లారాక కలిపితే నిద్రపోతుంది. గోరువెచ్చగా ఉన్నప్పుడే కలపాలి. కుండలో వేసి, మూతికి ఆకు కట్టి, పొయ్యి పక్కన పెట్టాలి. కుండకి చెవి ఆనిస్తే లోపల చీమలు మాట్లాడుకుంటున్నట్టు వినిపిస్తుంది. ఆ మాటలు ఆగాక నీళ్ళు పోసి, కలిపి, వెదురుబుట్టలో వడకట్టాలి. బుట్టలోంచి కిందికి దిగేది కల్లు. బుట్టలో మిగిలేది పిప్పి. కల్లు మనుషులకి, పిప్పి పందులకి.

గురుబారి ఆ పందులతో పోటీ పడేది. వాళ్ళింట్లో చోళ్ళు విసిరేది, వీళ్ళింట్లో కుండలు తోమేది. పని అయ్యాక, "అమ్మా, పిప్పి పారేసేదే కదా, నాకు పొయ్యండి" అనేది. పోసేవారు. దాని మీద మళ్ళీ నీళ్ళు పోసి, పొయ్యి పక్కన ఉంచి, మళ్ళీ వడకట్టుకునేది. అవి రెండో నీళ్ళు. పలచగా, పుల్లగా ఉంటాయి. తాగితే మత్తు ఎక్కదు, ఆకలి కాస్త వెనక్కి తగ్గుతుంది.

మొగాళ్ళు నవ్వేవారు.

"గురుబారి కల్లు తాగి పడిపోయినవాడు ఎవడైనా ఉన్నాడా?"

"ఎందుకు లేడు? గుమ్మంలో ఒలికితే జారి పడ్డాడు."

గురుబారి కూడా నవ్వేది. నవ్వి, బుట్ట చంకనెత్తుకుని పక్కింటికి పోయేది.

ఆమెకి ఇద్దరు కూతుళ్ళు. పెద్దది తొలికాన్పులో పోయింది. అప్పుడు గురుబారి దూరపు గూడెంలో ఎవరికో చోళ్ళు విసురుతోంది. కబురు అందేసరికి అంతా అయిపోయింది. చిన్నది మొన్ని. దాన్ని గెడ్డ అవతల పనసగుడలో ఇచ్చారు. గూడెం పెద్ద గాసి కొడుక్కే ఇచ్చారు. మొన్ని కడుపుతో ఉంది. "తొలికాన్పుకి నేను పక్కనుంటాను" అని గురుబారి కూతురికి మాట ఇచ్చింది. ఆ మాట గురుబారికి ప్రాణం.

సరిగ్గా అప్పుడే రెండు గూడేలూ కొట్టుకున్నాయి.

ఎందుకయ్యా అంటే, ఒక పనసచెట్టు. దాని వేరు పనసగుడ గట్టున ఉంది. ఒళ్ళంతా గెడ్డ మీద వాలి, కాయలు రాళ్ళగుడ గట్టున రాల్చేది. చెట్టు మాదన్నారు వాళ్ళు. పండు మాదన్నారు వీళ్ళు. మాటా మాటా పెరిగింది, కర్రా కర్రా కలిసింది. గాసి నెత్తి పగిలింది. అప్పుడు రెండు గూడేలూ ఒట్టు పెట్టుకున్నాయి. మా గింజ అటు పోదు, మీ గింజ ఇటు రాదు. గింజ దాటని గెడ్డని మనిషి దాటకూడదు. దాటినవాళ్ళనీ, వాళ్ళ పిల్లల్నీ గూడెం బయట పెడతారు.

ఒట్టు విప్పే దారి లేకపోలేదు. రెండు గూడేల్లో పొయ్యి వెలిగే ప్రతి ఇంటి చోళ్ళూ ఒకే కుండలో పడాలి. ఆ కుండ కల్లు పెద్దలిద్దరూ తాగాలి. అంతే. కానీ ముందు ఎవరు వెయ్యాలి? ముందు వేసినవాడు తగ్గినట్టే కదా. అక్కడ ఆగిపోయింది.

గురుబారి తన గూడెం పెద్ద సొంబరు దగ్గరికి పోయింది.

"నాయనా, కూతురికి నెలలు నిండుతున్నాయి. నువ్వో గుప్పెడు చోళ్ళు తియ్యి. మిగతావాళ్ళు నీ వెనకే తీస్తారు."

"తీస్తాను. ముందు వాళ్ళని తియ్యమను" అన్నాడు సొంబరు.

గురుబారి గెడ్డ ఒడ్డున నిలబడి కేకేసింది. అవతలి గట్టుకి గాసి వచ్చాడు. నెత్తికి కట్టు ఉంది.

"బావా, నీ కోడలి కోసం అడుగుతున్నాను. గుప్పెడు చోళ్ళు."

"ఇస్తాను. ముందు మీవాళ్ళని ఇమ్మను" అన్నాడు గాసి.

గురుబారి కొండెక్కి దిసారి దగ్గరికి పోయింది. మంచీచెడూ రోజులు చూసి చెప్పేవాడు దిసారి. రెండు గూడేలకీ ఒక్కడే.

"ముందెవరో నువ్వు చెప్పు తండ్రీ."

"చెబితే రెండోవాళ్ళు నన్ను కొడతారు. నా నెత్తి గాసి నెత్తంత గట్టిది కాదమ్మా" అన్నాడు దిసారి.

గురుబారి కొండ దిగింది.

విత్తనాల పండగ వచ్చింది. రాళ్ళగుడలో ఇంటింటా కల్లు పెట్టారు. పనసగుడలోనూ ఇంటింటా పెట్టారు. గురుబారి ఎప్పటిలాగే ఇంటింటికీ పోయింది. "పారేసేదే కదా, నాకు పొయ్యండి" అంది. ఎప్పటిలాగే పోశారు. సొంబరు పెళ్ళాం కూడా పోసింది.

బుట్ట కడుక్కుందామని గురుబారి గెడ్డలో దిగింది. కాస్త ఎగువన, అవతలి గట్టున, పనసగుడ ఆడవాళ్ళు కల్లుకుండలు తోముకుంటున్నారు. కుండల అడుగున మిగిలిన పిప్పి నీళ్ళలో కొట్టుకొస్తోంది. గురుబారి చూసింది. కాసేపు అలాగే చూసింది. తర్వాత చీర మోకాళ్ళ పైకి దోపుకుని, నడిగెడ్డలోకి పోయి, ప్రవాహానికి ఎదురుగా బుట్ట పట్టింది.

"ఏటి గురుబారీ, చేపలా?" అని అరిచింది ఒకామె.

"చేపలే. మీ ఇంటి చేపలు."

ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కుండలు తోముకుని పోయారు. కానీ మర్నాడు కుండల్లో పిప్పి ఎక్కువ వచ్చింది. పందులకి తక్కువ పోయింది. కుండలు కడిగే చోటు గట్టు నుంచి కాస్త లోపలికి, నీటివడి ఉన్న వైపుకి జరిగింది. ఒక ముసలావిడ కుండ విదిలించి విదిలించి కడిగింది.

"నేనేమీ ఇవ్వడం లేదు సుమా" అంది.

"నువ్వెందుకిస్తావు పిన్నీ? నువ్వు పారేశావు" అంది గురుబారి.

అలా పనసగుడలో అన్ని ఇళ్ళ పిప్పీ వచ్చింది. ఒక్క ఇంటిది రాలేదు. అది గాసి ఇల్లు. గాసి పెళ్ళాం సుక్రి కుండ తోముకోవడానికి గెడ్డకే రాలేదు. ఇంటి దగ్గరే పందికి పోసేసింది. నీళ్ళకి వచ్చినప్పుడు గురుబారి పట్టుకుంది.

"వదినా, కుండ కడుక్కోవా?"

"మా పందికి పిప్పంటే ప్రాణం" అంది సుక్రి. "మీవాళ్ళు నా మొగుడి నెత్తి పగలగొట్టారు. ఇప్పుడు మా పిప్పి కూడా కావాలా?"

"పగిలిన నెత్తి అతుక్కుంది కదా వదినా."

"అతుక్కుంది. లోపల ఉన్నదే ఇంకా సర్దుకోలేదు."

అని కడవెత్తుకుని పోయింది. ఎందుకు పోయిందంటే, మొగుడికి భయపడి కాదు. కొడుకు పెళ్ళిలో గురుబారి తరఫువాళ్ళు తనకి కల్లు చివర పోశారట. ఆ కోపం ఇంకా దిగలేదు.

గురుబారి దొరికిన పిప్పంతా కుండకెత్తింది. గోరువెచ్చని నీళ్ళు పోసింది. పొయ్యి పక్కన పెట్టి చెవి ఆనించింది. లోపల చీమలు మాట్లాడుకోవడం మొదలుపెట్టాయి. రెండు గూడేల చీమలు. ఒక్క ఇంటి చీమలు లేవు. అవి లేకపోతే ఆ కుండ ఉత్త కుండే.

మర్నాడు పొద్దెక్కాక గెడ్డ అవతల నుంచి కేక వినిపించింది. సుక్రి. చేతిలో కుండ ఉంది.

"వదినా! దానికి నొప్పులు వస్తున్నాయి. బిడ్డ కదలడం లేదు. అక్కలాగే పోతానంటోంది. నీ పేరు తప్ప ఇంకో పేరు పిలవడం లేదు."

గురుబారి బుట్ట తీసుకుని పరుగెత్తింది. గెడ్డలోకి దిగి బుట్ట పట్టింది. సుక్రి కుండ బోర్లించింది.

"పంది పస్తు" అంది సుక్రి. "నా మొగుణ్ణి నేను తెస్తాను. మీ పెద్దని నువ్వు తీసుకురా. దిసారి మా ఇంట్లోనే ఉన్నాడు."

ఆ పిప్పి ఊరడానికి వ్యవధి లేదు. గురుబారి దాన్ని చేత్తో పిండి కుండలో కలిపింది. వడకట్టింది. కుండ నెత్తినెత్తుకుని నడిగెడ్డలో బండ మీద పెట్టింది. ఆ బండ ఏ గట్టుదీ కాదు. ఈ గట్టు నుంచి సొంబరు వచ్చాడు, ఆ గట్టు నుంచి గాసి వచ్చాడు. ఇద్దరి వెనకా ఇద్దరి గూడేలూ వచ్చాయి.

"ఇందులో ప్రతి పొయ్యి గింజా ఉంది. తాగండి" అంది గురుబారి.

"నేను గింజ ఇవ్వలేదు" అన్నాడు సొంబరు.

"నేనూ ఇవ్వలేదు" అన్నాడు గాసి.

"ఎవరూ ఇవ్వలేదు. అందరూ పారేశారు. నేను ఏరుకున్నాను."

"పిప్పా?" అన్నాడు సొంబరు. "పిప్పి గింజ ఎలా అవుతుంది? అది పందుల తిండి."

"మొలకెత్తించినప్పుడు గింజే. విసిరినప్పుడు గింజే. నీ కుండలో ఉన్నంతసేపూ గింజే. నా బుట్టలో పడగానే కాకుండా పోయిందా నాయనా?"

జనం దిసారి వైపు చూశారు. దిసారి చెయ్యి కుండలో ముంచి నాలిక మీద వేసుకున్నాడు. మొహం వంకర పోయింది.

"చోళ్ళే" అన్నాడు.

"అయితే ఇందులో ముందు పడింది ఎవరివి?" అని అడిగాడు గాసి.

"నాకు తెలీదు బావా. అందరివీ ఒకే బుట్టలో కలిశాయి. కావాలంటే కుండని అడుగు."

దిసారి చెయ్యి గెడ్డలో కడుక్కున్నాడు. తర్వాత, "ముందు అనేది లేదు. ఒట్టు తీరింది. తాగండి" అన్నాడు.

అడ్డాకు దొప్పల్లో పోశారు. గాసి తాగాడు. కళ్ళు మూసుకుపోయాయి, చెవులు కదిలాయి. అది చూసి రాళ్ళగుడ అంతా నవ్వింది. సొంబరు తాగాడు. ఆయన చెవులు కూడా కదిలాయి. పనసగుడ అంతా నవ్వింది.

గురుబారి నవ్వడానికి ఆగలేదు. రెండో దొప్ప ఖాళీ కావడమే చూసింది, గెడ్డ దాటేసింది.

అక్కడ ఆమె గొప్ప పనేమీ చెయ్యలేదు. కూతురి వెనక కూర్చుంది. కూతురి వీపు తన గుండెకి ఆనించి గట్టిగా పట్టుకుంది. "ఇప్పుడా అమ్మా వచ్చేది?" అంది మొన్ని. "కల్లు ఊరొద్దూ?" అంది గురుబారి. పొద్దు వాలకముందే ఆడపిల్ల పుట్టింది. తల్లీ బతికింది, పిల్లా బతికింది.

ఇటు బండ మీద పెద్దలు కుండ ఖాళీ చేస్తూ కూర్చున్నారు. ఎంత తాగినా మత్తు ఎక్కలేదు. మత్తు ఎక్కకపోతే మాట్లాడుకోవడం తప్ప ఇంకేం ఉంటుంది? మాట్లాడుకున్నారు. పండు రాలిన గట్టుది, పిక్కలు వేరున్న గట్టువి అని తేల్చుకున్నారు. అంత సులువైన మాటకి నెత్తి ఎందుకు పగలగొట్టించుకున్నానా అని గాసి చాలా రోజులు అనుకున్నాడు.

గురుబారి ఆ తర్వాత కూడా పిప్పే అడుక్కుంది. ఎవరూ ఆమెకి పొలం ఇవ్వలేదు. మనవరాలు నడిచింది, గెంతింది, బుట్ట పట్టడం నేర్చుకుంది. గురుబారి ముసలిదైంది. ఒక వానాకాలంలో కన్ను మూసింది.

ఆ కొండల్లో పోయినవాళ్ళ పేరున రాయి నిలబెడతారు. గురుబారి కోసం రాళ్ళగుడవాళ్ళు ఒక రాయి తెచ్చారు. పనసగుడవాళ్ళు ఒక రాయి తెచ్చారు. రెండూ బండ దగ్గరికి మోసుకొచ్చారు. దొప్పల్లో రెండో నీళ్ళు పోశారు. అప్పుడు ముసలి గాసి, పాత అలవాటు పోక, దొప్ప చేత పట్టుకుని అడిగాడు.

"ఇంతకీ ముందు ఎవరి రాయి?"

సుక్రి లేచింది. మొగుడి చేతిలో దొప్ప అందుకుని, అందరూ చూస్తుండగా నీళ్ళలో బోర్లించింది. మళ్ళీ వచ్చి తన చోట కూర్చుంది. రెండు రాళ్ళూ ఒక్కసారే దించారు.

ఆ రాళ్ళు ఇప్పటికీ ఉన్నాయంటారు. పండగనాడు ఆ రెండు గూడేల ఆడవాళ్ళు పిప్పిలో మొదటి గుప్పెడు గెడ్డలో వదులుతారు. పట్టే బుట్ట లేకపోయినా వదులుతారు. ఏ తగువు తీరాలన్నా ముందు మంచి కల్లు తియ్యరు. రెండో నీళ్ళు పోస్తారు. తగువు మధ్యలో ఎవడైనా "ముందెవరు?" అన్నాడో, వాడి దొప్ప బోర్లిస్తారు. వాడికి ఆ పూట రెండో నీళ్ళూ లేవు, మొదటి నీళ్ళూ లేవు. బోర్లించేది ఎప్పుడూ వాడి పెళ్ళామే.