ఓబన్న కోడలు ఆడిన ఆట

ముందు మీరు చెప్పండి. పగలు ఆ నాపబండ దగ్గర ఆడుకున్నారుగా, దాని మీద ఏం చూశారు? గీతలు చూశారా, గీతల మీద గులకరాళ్ళు చూశారా? నిజం చెప్పండి, నేనేం కొట్టను. చూస్తే చూశారు, రాళ్ళు మాత్రం ముట్టుకోకండి. ఎందుకో చెప్తా, ఊ కొట్టండి.

అనగా అనగా రాతి గనుల పక్కన ఒక ఊరు. పొద్దు పొడిస్తే రాయి, పొద్దు గూకితే రాయి. రాయి కొట్టాలి, రాయి మొయ్యాలి, రాయి మీదే కూర్చుని సంగటి తినాలి. ఆ బతుకులో వాళ్ళకున్న సంబరం ఒక్కటే, మధ్యాహ్నం సంగటి తిని పులీమేకా ఆడుకోవడం. బండ మీద కొండలాగా గీతలు గీస్తారు. మూడు పులులు, పదిహేను మేకలు. మేక వెనక చోటు ఖాళీగా ఉందా, పులి దాని మీంచి దూకి తినేస్తుంది. కదిలే చోటు లేకుండా మేకలన్నీ చుట్టేశాయా, పులి చచ్చినట్టే. ఊ కొడుతున్నారా?

ఆ ఆటలో ఓబన్నను మించినవాడు లేడు. ఎప్పుడూ మేకలే ఆడేవాడు. పులి ఆడి గెలవడం ఏం గొప్పరా, దానికి కోరలున్నాయి అనేవాడు. ఏ మేకనీ ఒంటరిగా వదిలేవాడు కాదు. మేక వెనక మేక, దాని వెనక ఇంకో మేక. ఆయన కోడలు రోజూ సంగటి తెచ్చి, ఆయన తిని ఆడినంతసేపూ వెనక నిలబడి చూసేది. ఆడవాళ్ళు ఆ బండ దగ్గర కూర్చోకూడదట. రాయి కొట్టొచ్చు, రాయి మొయ్యొచ్చు, రాళ్ళాట మాత్రం ఆడకూడదు. ఎవడు పెట్టాడో ఆ కట్టు, వాడి నోట్లో మన్ను పడ. తల్లి లేని పిల్ల ఆమె. పేరు పెట్టి పిలిచి తిన్నావా అమ్మా అని ఆ ఇంట్లో అడిగింది మామ ఒక్కడే.

ఒకరోజు గనిలో చరియ విరిగి ఓబన్న పోయాడు. ఆ ఊరి ఆచారం ఏంటంటే, ఆడేవాడు పోతే వాడు పనిచేసిన చోటి నుంచి ఒక గులకరాయి తెచ్చి మేకల్లో కలుపుతారు. ఇక ఆ రాయే వాడు. పెద్దయ్యను ముందుకు జరుపు, సుబ్బణ్ణి కాపలా పెట్టు అంటూ ఆడతారు. మేకలన్నీ అలా పోయినవాళ్ళే. ఓబన్నకు ఎర్రరాయి పెట్టారు.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం, కాకి కూడా అరవని ఎండలో, ఒక కొత్తమనిషి వచ్చి బండ మీద కూర్చున్నాడు. కాలు పెడితే బొబ్బెక్కే బండ. ఆయన కూర్చున్నచోట మాత్రం బావి ఒరలా చల్లబడి చెమ్మ పట్టింది. మొలలోంచి మూడు బొగ్గులు తీసి పులుల చోట పెట్టాడు. అవి పొయ్యిలో బొగ్గులు కావు పిల్లలూ. చూసినవాళ్ళకి తెలిసింది, అవి వల్లకాటివి. అయినా పులి పెట్టినవాణ్ణి ఆడకుండా పంపకూడదని ఆ ఊరి పౌరుషం. ఓబన్న తర్వాత అంతటివాణ్ణని మీసం తిప్పే చౌడప్ప ఎదురు కూర్చున్నాడు.

బాగానే ఆడాడు. రెండు పులుల్ని కట్టేశాడు. మూడోది దూకి ఒక మేకను తినేసింది. కొత్తమనిషి ఆ రాయిని తీసి నోట్లో వేసుకున్నాడు.

గుంపులో సుంకమ్మ ఉంది, కిందటేడు మొగుడు పోయిన మనిషి. తన బోడి చేతులు చూసుకుంది.

"అయ్యా, నేనెవరి కోసం గాజులు తీశాను?"

ఎవరూ చెప్పలేకపోయారు. మొగుడొకడు ఉండేవాడని తెలుసు. పేరు రాలేదు, మొహం రాలేదు. ఇప్పుడు పులి ఎర్రరాయి పక్కనే కూర్చుంది. పెట్టడానికి మిగిలింది ఒక్కటే మేక. ఎర్రరాయి వెనక పెడితే పులి ఇంకోవైపు దూకి ఇంకొకరిని తింటుంది. చౌడప్ప లేచాడు, వెనక్కి జరిగాడు. ఆ మీసాలన్నీ వెనక్కి జరిగాయి.

మొగుడికి సంగటి తెచ్చిన ఓబన్న కోడలు ముంత కింద పెట్టి, వచ్చి కూర్చుంది. ఆడది కూర్చోకూడదని ఒక్కడూ అనలేదు. అలాంటప్పుడు గుర్తురాదు కదా వాళ్ళకి.

ఆమెకు దారి కనబడింది. ఒక మేకను ఎర వెయ్యాలి, పులి దాన్ని తిని మూలకు దూకగానే మూసెయ్యాలి. కానీ ఎవర్ని ఎర వేస్తుంది? ఆ మిగిలిన రాయి ఎవరి తండ్రో, ఎవరి అన్నో. దాన్ని పక్కన పెట్టి, తన కాలి కింది నుంచి ఒక గులకరాయి తీసి గీత మీద పెట్టింది.

"ఇది నేను" అంది.

కొత్తమనిషి ముక్కుపుటాలు అదిరాయి. చచ్చినవాళ్ళ పేర్లు చద్దివి, ఇది వేడివేడిది. ఎర్రరాయిని వదిలి దీని మీద దూకాడు, తీసి నోట్లో వేసుకున్నాడు. ఆమె ఎర్రరాయిని జరిపి దారి మూసింది. మేక వెనక మేక, దాని వెనక ఇంకో మేక. మూడు పులులూ చచ్చాయి.

ఓడిన పులి తిన్న మేకల్ని తిరిగి పెట్టాలి, అది కట్టు. సుంకమ్మ మొగుడి రాయిని బండ మీద ఉమ్మాడు. నర్సింహులూ అని సుంకమ్మ గొల్లుమంది. రెండో రాయిని మాత్రం అరచేతిలో పట్టుకున్నాడు.

"ఇది బతికున్నదాని రాయి. పేరు పెట్టి పిలవండి, ఇచ్చేస్తా."

ఆమె నోరు తెరిచింది. తనకే రాలేదు. అందరూ మొగుడి వైపు చూశారు. అతను ఏమే అని పిలిచేవాడు, అదే అన్నాడు. అత్త పిల్లా అంది. చౌడప్ప ఓబన్న కోడలు అన్నాడు. అది పేరు కాదన్నాడు కొత్తమనిషి. పేరు పెట్టి పిలిచినవాడు ఒక్కడే, ఆయన ఎర్రరాయై బండ మీద ఉన్నాడు. నీడ తిరిగేదాకా కొత్తమనిషి ఓపిగ్గా కూర్చున్నాడు. ఆ ఓపికకే జనం గడగడలాడారు. తర్వాత రాయిని మొలలో దోపుకుని ఎండలోకి నడిచి, ఎండలోనే కనబడకుండా పోయాడు.

వాడు తిన్నాడు కాబట్టి మరిచిపోయామని ఊరంతా చెప్పుకుంది. అబద్ధం. నర్సింహుల్ని మరిచిపోయారంటే సరే, ఒకప్పుడు తెలుసు. ఈమె పేరు వాళ్ళకు ఎన్నడు తెలుసని మరిచిపోవడానికి?

ఆ తర్వాత అందరూ చల్లగానే ఉన్నారు. ఆడవాళ్ళూ బండ దగ్గర కూర్చోసాగారు. ఆమె ఓబన్న లాగే మేకలాడింది, ఎవరికీ ఓడలేదు. పిల్లల్ని కంది, మనవల్ని ఎత్తుకుంది. కాబట్టి మీరూ ఏ మేక వెనకా చోటు ఖాళీగా వదలకండి. కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లో దూరదాం.

పడుకునే ముందు ఒక్క మాట. పొద్దున్నుంచి అమ్మమ్మా, అమ్మమ్మా అని నా చుట్టూ తిరుగుతున్నారు గదా, నా పేరేంటో చెప్పండి?