ఎండు మందారాల కేక

అనగనగనగా, మన తాతల తాతలకు ఇంకా మీసాలు మొలవని కాలంలో, మణిగిరి అనే రాజ్యం ఉండేది. ఆ రాజ్యంలో వారానికొకసారి పెద్ద సంత జరిగేది. ఆ సంతకు ఒక కట్టుబాటు ఉంది. ఏ సరుకు అమ్మేవారైనా దాని గుణమేమిటో నలుగురూ వినేలా కేక వేసి చెప్పాలి. చెప్పిన గుణం సరుకులో లేదని తేలితే, సంతలో వాళ్ళ చోటు పోతుంది.

కట్టుబాటు మంచిదే. కానీ దాన్ని పట్టించుకున్న నాథుడే లేడు. అందుచేత సంతలో ఎవరి నోటికీ హద్దు ఉండేది కాదు.

అందరిలోకీ పెద్ద గొంతు తైలాల భూషణానిది. తన తైలం రాస్తే బట్టతల మీద కూడా అడవిలా జుట్టు పెరుగుతుందని కేకలు వేసేవాడు. అతని పక్కనే లేపనాల కుందనయ్య. తన లేపనం ఒక్కసారి పూస్తే చాలు, ఎలాంటి ముఖమైనా చంద్రబింబమైపోతుందనేవాడు. జనం ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకుంటూ కొనేవారు.

సంత చివర, ఎవరి కంటా పడని మూలలో, ఆదెమ్మ కూర్చునేది. ఆమెకున్నదల్లా రాళ్ళ నేల. అందులో మందార చెట్లు తప్ప మరేదీ బతకలేదు. పొద్దున్నే పూలు కోసి, మధ్యనున్న పుప్పొడి కాడ తీసేసి, రేకులను నీడన చాపల మీద ఆరబెట్టేది. ఎండలో పెడితే తొందరగానే ఆరుతాయి గాని, రంగు చచ్చిపోతుంది. ఆ ఎండు రేకులే ఆమెకూ, ఆమె ముసలితల్లికీ పూట గడిపేవి.

ఆదెమ్మ కేక వింటే మీకు నవ్వొస్తుంది.

"ఎండు మందారాలమ్మా, ఎండు మందారాలు. వేడినీళ్ళలో వేసుకుంటే తేనీరు, కాస్త వగరు, బెల్లం వేసుకోవాలి. నానబెట్టి రుబ్బి తలకు పట్టిస్తే చిక్కు విడుతుంది, కొత్త జుట్టు మాత్రం రాదు. పొడిచేసి పెరుగులో కలిపి పూస్తే ముఖం జిడ్డు పోతుంది, రంగు మాత్రం మారదు."

ఇలా అమ్మితే ఎవరు కొంటారు చెప్పండి. రాదు, మారదు అన్న మాటలు చెవిన పడగానే జనం భూషణం దగ్గరికి నడిచేవారు. ఒకనాడు భూషణానికే ఆమెను చూసి జాలేసింది.

"ఆదెమ్మా, ఆ చివరి మాటలు రెండూ మింగెయ్యి. పొద్దు తిరిగేసరికి నీ బుట్ట ఖాళీ అవుతుంది" అన్నాడు.

"మింగితే నాకు అరగవు, భూషణమన్నా" అంది ఆదెమ్మ.

ఇలా ఉండగా, మణిగిరిని ఏలే వీరకేతు మహారాజుకు ఒక రహస్యం ఉంది. తలపాగా కింద ఆయనకు ఒక్క వెంట్రుక కూడా లేదు. ఆ సంగతి రాజ్యంలో అందరికీ తెలుసు. తెలుసునని పైకి అన్నవాడు మాత్రం ఒక్కడూ లేడు.

రాజుగారు గుట్టుగా భూషణం తైలం తెప్పించుకున్నారు. రోజూ రాసుకున్నారు. తల అద్దంలా మెరిసిందే తప్ప ఒక్క పోచ మొలవలేదు. రాణీగారూ అదే తైలం రాసుకుంటే, బారెడు జుట్టు జిగురు పట్టి తాళ్ళలా పెనవేసుకుపోయింది. చాలదన్నట్టు, ఆమె కుందనయ్య లేపనం కూడా పూసుకున్నారు. ముఖమంతా కంది, మంటెత్తిపోయింది.

రాజుగారికి అరికాలి మంట నెత్తికెక్కింది. తలకూ ముఖానికీ పూసే సరుకు అమ్మేవాళ్ళందరినీ సంతలోంచి తరిమెయ్యమని ఆజ్ఞ వేశారు.

భటులు వచ్చారు. భూషణం సీసాలతో పాటు ఆదెమ్మ బుట్టనూ బయట పారబోశారు. ఆదెమ్మ మట్టిలో పడ్డ రేకులను దులిపి, ఏరి, కొంగున కట్టుకుంది. ఆ చోటు పోతే రేపటినుంచి ఇంట్లో పొయ్యి వెలగదు. తిన్నగా కోటకు నడిచి, రాజుగారి ఎదుట నిలబడింది.

"మహారాజా, సంత కట్టుబాటు ప్రకారం నా కేకను విచారించండి. అందులో అబద్ధముంటే నా చోటు తీసుకోండి. లేకపోతే, అబద్ధాలవాళ్ళతో కలిపి నన్నెందుకు తరమాలి?"

మాటలో న్యాయముంది. రాజుగారు కుందనయ్యనూ భూషణాన్నీ కూడా సభకు రప్పించారు.

ముందుగా కుందనయ్య వంతు. నీ లేపనం నీ ముఖానికే పూసుకో, చంద్రబింబం మేమూ చూస్తాం అన్నారు రాజుగారు. కుందనయ్య మూత తీశాడు, వేలు ముంచాడు, సింహాసనం పక్కనే కూర్చున్న రాణీగారి ముఖం వంక ఒకసారి చూశాడు. అంతే, సీసా అక్కడే పడేసి కాళ్ళకు బుద్ధి చెప్పాడు. ఆ పరుగు రాజ్యం పొలిమేర దాటాక గాని ఆగలేదట.

తర్వాత భూషణం. అతను గొంతు సవరించుకుని అడవులూ పొదలూ అంటూ మొదలుపెట్టబోయాడు. రాజుగారు చెయ్యెత్తి, ముందు నీ తలపాగా తియ్యి అన్నారు. భూషణం తీశాడు. లోపల నున్నటి గుండు. మంత్రిగారు నవ్వు ఆపుకోలేక స్తంభం వైపు తిరిగారు.

ఇక ఆదెమ్మ. రాణీగారు ముందుకొచ్చి, పెనవేసుకుపోయిన తన జుట్టు చూపించారు. ఆదెమ్మ ఎండు రేకులు నానబెట్టి, నాలుగు మందారాకులు కలిపి మెత్తగా రుబ్బి, అంతఃపురంలో రాణీగారికి తలంటింది. తిరిగి సభకు వచ్చేసరికి జుట్టంతా చిక్కు విడిపోయి భుజాల మీద పరుచుకుని ఉంది. సభ అంతా మెచ్చుకుంది.

"మరి ఈ ముఖం మంటకూ అదే పూయి. తగ్గితే నీకు నా హారం ఇస్తాను" అన్నారు రాణీగారు.

సరే అన్న ఒక్క మాట చాలు, ఆదెమ్మ కష్టాలన్నీ తీరిపోతాయి. ఆమె మాత్రం చేతులు జోడించింది. "వద్దు తల్లీ. కందిన ముఖానికి ఇది పనిచేస్తుందో లేదో నాకు తెలియదు. ఏమీ పూయకుండా చన్నీళ్ళతో కడుక్కుని, వైద్యుణ్ణి పిలిపించుకోండి."

అప్పుడు రాజుగారు సింహాసనం మీదనుంచి కాస్త ముందుకు వంగారు. గొంతు తగ్గించి అడిగారు.

"జుట్టు లేనిచోట... వస్తుందా?"

మంత్రిగారు అవునను, అవునను అని కళ్ళతోనే బతిమాలారు. ఆదెమ్మ అటు చూడనే లేదు.

"రాదు, మహారాజా. నా మందారాల వల్ల కాదు."

రాజుగారు మెల్లగా రెండు చేతులూ ఎత్తి, నిండుసభలో తన తలపాగా తీసి పక్కన పెట్టారు. చల్లటి గాలి తలకు తగిలేసరికి ఆయనకే హాయిగా నవ్వొచ్చింది.

"ఇన్నేళ్ళుగా నా తల గురించి నిజం చెప్పినదానివి నువ్వొక్కతెవే. మరి నాకేమీ ఇవ్వవా అమ్మా?"

"తేనీరు ఇస్తాను, ప్రభూ. కాస్త వగరు, బెల్లం వేసుకోవాలి."

వేడినీళ్ళలో రేకులు వేస్తే ఊదారంగు దిగింది. నిమ్మచుక్క పడగానే కెంపులా ఎర్రబడింది. రాజుగారు గుటకేసి, వగరే, బెల్లం తెండి అన్నారు. సభంతా ఘొల్లున నవ్వింది. ఆ పూట మణిగిరి కోటలో గిన్నె ఎత్తి తాగనివారు లేరు.

తర్వాతి సంతకు భూషణం చోటు ఆదెమ్మదైంది. ఆమె అదే కేక వేసింది. రాదు, మారదు అన్న మాటలు వినడానికే జనం దూరాలనుంచి వచ్చారు. పొద్దెక్కకముందే బుట్ట ఖాళీ. ముసలితల్లి ఆ ఖాళీ బుట్టను తలమీద బోర్లించుకుని, సంతంతా ఊరేగుతున్నట్టు నడిచింది.

పిల్లలూ, లేని గుణం చెప్పి అమ్మినవాడిది ఒక్కనాటి బేరం. నా సరుకు వల్ల ఇది కాదని చెప్పగలిగినవాడి మాట రాజుల ముందైనా గెలిచి నిలుస్తుంది.